అనుకున్న మనిషి, చేసే మనిషి

ప్రతి మనిషి దగ్గరా తన గురించి రెండు లెక్కలుంటాయి. తాను ఎలాంటివాడు కావాలనుకుంటున్నాడన్నది ఒకటి. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నిజంగా ఏం చేశాడన్నది రెండోది. ఈ రెండూ కలవడం అరుదు. ఆరోగ్యమే మహాభాగ్యమనే పెద్దమనిషి కొన్న వాకింగ్ బూట్లు గుమ్మం దగ్గరే దుమ్ము పట్టిపోతాయి. పిల్లలే లోకమనే తండ్రి ఇంటికొచ్చాక ఫోను కింద పెట్టడు. వచ్చే నెల నుంచి పొదుపు అనుకున్నవాడి జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోతుంది. ఇలాంటివాళ్ళను లోకం సోమరులని తేల్చేస్తుంది, లేదా చెప్పేవి శ్రీరంగనీతులని వెక్కిరిస్తుంది. ఆ తీర్పు కొందరికి సరిగ్గా సరిపోతుంది. చాలామంది విషయంలో మాత్రం సంగతి వేరే ఉందని మనస్తత్వశాస్త్రం గత తొంభై ఏళ్ళలో పోగుచేసిన ఆధారాలు చెబుతున్నాయి.

1987లో అమెరికన్ మనస్తత్వవేత్త టోరీ హిగ్గిన్స్ ఈ లెక్కను మరికాస్త విడదీసి చూపాడు. ఆయన ప్రకారం ఒక్కో మనిషిలో ముగ్గురుంటారు: ఇప్పుడున్నవాడు, కావాలని కలగనేవాడు, ఇలా ఉండి తీరాలని బాధ్యత గుర్తుచేసేవాడు. ఉన్నవాడికీ కలగన్నవాడికీ దూరం పెరిగితే దిగులు పుడుతుంది. ఉన్నవాడికీ బాధ్యత గుర్తుచేసేవాడికీ దూరం పెరిగితే ఆందోళన, తప్పు చేస్తున్నామన్న గుబులు పుడతాయి. గాయకుడు కావాలనుకుని గుమాస్తాగా మిగిలిపోయిన మనిషి బాధ మొదటి రకం. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులకు వీడియో కాల్‌తో సరిపెడుతున్న కొడుకుది రెండో రకం. అతను తన కలను చేరుకున్నాడు కాబట్టి దిగులు ఉండదు; గుబులు మాత్రం వదలదు. రెండు బాధలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ రెండింటి మందూ ఒకటి కాదు.

మాటకూ చేతకూ పొంతన లేని మనిషి అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది గిరీశం. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. పూర్తిగా తిరగరాసిన రూపం 1909లో వెలువడింది. అందులో గిరీశం వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతాడు, సానివాళ్ళతో సంపర్కాన్ని ఖండిస్తాడు, అవతల మధురవాణి అనే సాని ఇంట కాలక్షేపం చేస్తాడు. అతని ఆదర్శం వేషం మాత్రమే. లోపల దాన్ని నమ్మేవాడెవడూ లేడు. కనుక అతనిలో నలుగులాట కూడా లేదు. కపటం అన్న మాట అతనికి చక్కగా అతుకుతుంది.

అదే కాలంలో పుణేలో మహాదేవ గోవింద రానడే కథ వేరు. ఆయన న్యాయాధికారి, వితంతు వివాహ ఉద్యమంలో ముందు నిలిచినవాడు. 1873లో మొదటి భార్య చనిపోయేనాటికి ముప్పై ఒకటో ఏట ఉన్నాడు. రానడే వితంతువునే చేసుకుంటాడని తోటి సంస్కర్తలు ఎదురుచూశారు. తండ్రి ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టి గబగబా పదకొండేళ్ళ పిల్లను కుదిర్చేశాడు. రానడే వద్దన్నాడు, వాదించాడు, చివరికి తండ్రి మాట కాదనలేక తాళి కట్టాడు. జీవితాంతం దానికి మాట పడ్డాడు. ఆయన నమ్మకంలో వీసమెత్తు కల్తీ లేదు. తరవాత ఆ పిల్లకు ఇంట్లో ఆడవాళ్ళ ఎకసెక్కాల మధ్యే తానే చదువు చెప్పాడు. ఆమే రమాబాయి రానడేగా పుణే సేవాసదన్‌ను నడిపింది. గిరీశాన్నీ రానడేనీ ఒకే గాటన కట్టడం అన్యాయం. రానడే విఫలమైంది ఒక సాయంత్రం, ఒక గదిలో, ఒక తండ్రి ఎదుట.

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అదే ఆదర్శాన్ని 1881 డిసెంబరు 11న చేసి చూపించాడు. ఆంధ్రలో తొలి వితంతు వివాహంగా పేరుపొందినది ఆ పెళ్ళి. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ ఆ పనులన్నీ తలకెత్తుకుంది. వెలివేతను ఇద్దరూ భరించారు. ఆయన ధైర్యం సామాన్యమైనది కాదు. అయినా ఒక తేడా గమనించదగ్గది: వీరేశలింగానికి నాలుగేళ్ళప్పుడే తండ్రి పోయాడు, పక్కన ఇల్లాలు గట్టిగా నిలబడింది. రానడేకు ఎదురుగా బతికున్న తండ్రి ఉన్నాడు. ఇద్దరి నమ్మకం ఒకటే, నిలబడిన చోట్లు వేరు. ఈ తేడాను చరిత్రకారులకన్నా మనస్తత్వవేత్తలే ఎక్కువ పట్టించుకున్నారు.

తెలిసి కూడా తప్పెందుకు చేస్తాడన్న ప్రశ్న కొత్తది కాదు. భగవద్గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగింది అదే: ఇష్టం లేకపోయినా, ఎవరో మెడపట్టి తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు? కామం, క్రోధం అని కృష్ణుడి జవాబు. గ్రీకు దేశంలో సోక్రటీస్ ఆ ప్రశ్నే చెల్లదన్నాడు. మంచి ఏదో నిజంగా తెలిసినవాడు చెడు చేయడట. చేస్తున్నాడంటే తెలియలేదనే అర్థమట. అరిస్టాటిల్‌కు ఈ వాదన మింగుడుపడలేదు. కళ్ళెదుట కనిపించేదాన్ని లేదనడమెందుకని ఆయన ‘నికోమాకియన్ ఎథిక్స్’ ఏడో భాగంలో మనోనిగ్రహ లోపం మీదే సుదీర్ఘంగా చర్చించాడు. తెలిసిన విషయమైనా, నిద్రలోనో మత్తులోనో ఉన్నవాడికి అది చేతికందదని ఆయన వివరణ. సోక్రటీస్ మాట వినసొంపుగా ఉంటుంది గానీ, సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక చదివి మరీ వెలిగించుకునేవాళ్ళను చూసినవారెవరైనా అరిస్టాటిల్ వైపే మొగ్గుతారు.

ఈ దూరాన్ని కొలిచే ప్రయత్నం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజికవేత్త రిచర్డ్ లాపియేర్ 1930 నుంచి రెండేళ్ళపాటు ఒక చైనా యువజంటను వెంటబెట్టుకుని అమెరికా అంతా కారులో తిరిగాడు. అప్పట్లో అక్కడ చైనావాళ్ళంటే తీవ్రమైన వివక్ష. అయినా వాళ్ళు దిగిన 251 హోటళ్ళు, భోజనశాలల్లో ఒక్కటే వాళ్ళను వెనక్కి పంపింది. ఆర్నెల్లు ఆగి, చైనావాళ్ళను రానిస్తారా అని అడుగుతూ ఆ యజమానులకు ఉత్తరాలు రాశాడు. జవాబిచ్చిన 128 మందిలో తొంభై శాతానికి పైగా రానివ్వబోమన్నారు. 1934లో అచ్చయిన ఈ వ్యాసం మాటకూ చేతకూ మధ్య సంబంధం ఎంత పలచనో తొలిసారి అంకెల్లో చూపింది. విచిత్రమేమిటంటే ఇక్కడ చేత మాటకన్నా మెరుగ్గా ఉంది. కాగితం మీద ద్వేషించిన మనుషులు, ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ జంటకు అన్నం పెట్టారు.

మెరుగైన వైపు దూరం ఉండటం మాత్రం అరుదే. అమెరికాలో మూడు జిమ్‌లకు చెందిన 7,752 మంది సభ్యుల హాజరును స్టెఫానో డెలావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్ళు సగటున నెలకు నాలుగుసార్లకు కాస్త ఎక్కువగా వెళ్ళారు. అంటే ఒక్కోసారికీ 17 డాలర్లకు పైనే పడింది. అదే జిమ్‌లో పది డాలర్లకు ఒక్కసారి వెళ్ళే వీలుండేది. వాళ్ళు డబ్బు కట్టింది వ్యాయామానికి కాదు, వ్యాయామం చేసే మనిషి అవుతామన్న నమ్మకానికి. జనవరిలో కిటకిటలాడి మార్చికి బోసిపోయే హైదరాబాద్ జిమ్‌ల యజమానులకు ఈ పరిశోధన అవసరం లేదు. వాళ్ళ వ్యాపారమే దాని మీద నడుస్తోంది.

సంకల్పాన్ని మరింత గట్టిపరిస్తే పని జరుగుతుందా? థామస్ వెబ్, పాస్కల్ షీరన్ 2006లో 47 ప్రయోగాల ఫలితాలను కలిపి చూశారు. మనుషుల సంకల్పాన్ని బాగా పెంచినా, ప్రవర్తనలో వచ్చిన మార్పు అందులో సగం మాత్రమే. సంకల్పం వృథా అని దీని అర్థం కాదు. దాని తరవాత మరేదో ఉంది, అది సంకల్పం చేతిలో లేదు.

ఆ మరేదో ఏమిటన్నదానికి అన్నిటికన్నా పదునైన జవాబు ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీలో దొరికింది. మతబోధకులు కావడానికి చదువుకునే విద్యార్థులు నలభై మంది మీద జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. ఒక్కొక్కరినీ పక్క భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికిచ్చిన అంశం బైబిల్‌లోని మంచి సమరయుడి కథ. దారిలో పడి ఉన్న గాయపడ్డ మనిషిని పూజారి దాటిపోతే, పరాయి కులంవాడు ఆదుకున్న కథ అది. దారిలో ఒక సందులో ఒకతను తల వేలాడేసుకుని, దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉన్నాడు. అతను పరిశోధకులు పెట్టిన మనిషే. బయలుదేరేముందు కొందరికి బోలెడు సమయం ఉందన్నారు. వాళ్ళలో 63 శాతం ఆగి సాయపడ్డారు. సరిగ్గా వేళకు వెళ్తున్నామనుకున్నవాళ్ళలో 45 శాతం ఆగారు. ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్ళలో పదిశాతమే. ప్రసంగాంశం సమరయుడి కథా, మరొకటా అన్నది చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. దయ గురించి మాట్లాడబోతూ, ఆ మాటలే మనసులో వల్లెవేసుకుంటూ, దయ చూపాల్సిన మనిషిని దాటుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు ఆలస్యమైంది, అంతే.

తొందర ఒక్కటే కాదు. రాత్రి పడుకునేటప్పుడు అలారం పెట్టేవాడికీ, తెల్లవారుజామున దాన్ని నొక్కేసేవాడికీ ఒకే పేరు, ఒకే ఆధార్ కార్డు ఉన్నా వాళ్ళ ప్రయోజనాలు వేరు. మొదటివాడికి చలి లేదు, రెండోవాడికి ఉంది. రేపటి కష్టం ఈరోజు చిన్నదిగా, ఈరోజు సుఖం ఈరోజు పెద్దదిగా కనిపించడాన్ని ఆర్థికశాస్త్రం వర్తమాన పక్షపాతం అంటుంది. దీనికి తోడు ఆదర్శాలన్నీ పెద్ద మాటల్లో ఉంటాయి, పనులన్నీ చిన్నవి. ‘మంచి తండ్రి’ అన్నది ఆదర్శం. ఏడున్నరకు పిల్లాడి లెక్కల పుస్తకం తెరవడం పని. రెండింటి మధ్యా దారి వేసి ఉండదు.

ఇంకో ప్రమాదముంది. దూరం బాధపెడుతుంది కనుక మనసు దాన్ని ఏదో ఒకలా తగ్గించాలని చూస్తుంది. పనిని ఆదర్శం దగ్గరికి తేవడం కష్టం. ఆదర్శాన్ని పని దగ్గరికి దించడం తేలిక. లియోన్ ఫెస్టింగర్ 1957లో ప్రతిపాదించిన సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతం సారాంశం ఇదే. పొగతాగడం మానలేనివాడు కొన్నాళ్ళకు పొగ వల్ల అంత ప్రమాదమేమీ లేదని నమ్మడం మొదలుపెడతాడు. చుట్ట కాలుస్తూ తొంభై ఏళ్ళు బతికిన తాత ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాడు. ఆ తాతతో పాటు మొదలుపెట్టి యాభైల్లో పోయినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు.

అలవాటైన ఆలోచన ప్రకారం గుణం ముందు, పని తరవాత. దయగలవాడు కాబట్టి దానం చేస్తాడు. అరిస్టాటిల్ దీన్ని తిరగేశాడు: వీణ వాయించి వైణికుడైనట్టే, న్యాయమైన పనులు చేసి చేసి మనిషి న్యాయవంతుడవుతాడు. ఇరవై మూడు శతాబ్దాల తరవాత మనస్తత్వవేత్త డారిల్ బెమ్ దాదాపు అదే మాటను ప్రయోగశాల భాషలో చెప్పాడు. మనిషి తానెలాంటివాడో లోపలికి తొంగి చూసి తెలుసుకునేది తక్కువ. పక్కవాణ్ణి చూసి అంచనా వేసినట్టే, తన పనులను తానే చూసి అంచనాకొస్తాడు. నెలరోజులుగా నడుస్తున్నవాడు ‘నేను నడిచే మనిషిని’ అనుకోవడం మొదలుపెడతాడు. ఆ అనుకోవడం మర్నాటి నడకను తేలిక చేస్తుంది.

ఈ సిద్ధాంతాలన్నీ ఒకేచోట పనిచేయడం చూడాలంటే తెలుగునాట కార్తీకమాసం చాలు. అయ్యప్ప దీక్ష మతవిశ్వాసానికి సంబంధించినది, ఆ కోణం భక్తులది. ప్రవర్తనను మార్చే ఏర్పాటుగా చూసినా అది ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ తాగే మనిషి, భార్య ఏడ్చినా, డాక్టరు బెదిరించినా మాననివాడు, మెడలో తులసిమాలో రుద్రాక్షమాలో పడగానే 41 రోజులు చుక్క ముట్టడు. మాంసం లేదు, సిగరెట్ లేదు, గడ్డం గీసుకోవడం లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, సాయంత్రం మళ్ళీ స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, నేల మీద చాప. ముందురోజు దాకా లేని నిగ్రహం రాత్రికి రాత్రి ఎక్కడినుంచి వచ్చింది?

మొట్టమొదట పేరు మారింది. మాల వేసుకున్న మగవాడు ఎవరైనా ‘స్వామి’. తొలిసారి వేసుకున్నవాడు కన్నెస్వామి, చిన్నపిల్లాడు మణికంఠస్వామి, ఆడవాళ్ళంతా మాతలు. ఆఫీసులో అధికారి, ఆటో స్టాండులో తోటి డ్రైవర్, కిరాణా కొట్టు యజమాని అందరూ రోజుకు యాభైసార్లు స్వామీ అని పిలుస్తారు. కావాలనుకున్న మనిషిని అతనింకా కాకముందే లోకం ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. నల్లబట్టలు ఆ పేరును పది అడుగుల దూరం నుంచే చాటుతాయి. నల్లబట్టలతో వైన్ షాపు ముందు నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు. దుకాణదారే దండం పెట్టి పంపించేస్తాడు.

రెండోది, నిర్ణయాలు మిగల్లేదు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, సాయంత్రం ఎక్కడ గడపాలి అన్నవన్నీ ముందే ఖరారైపోయాయి. తాగే వేళకు అతను గురుస్వామి పీఠం దగ్గర భజనలో ఉంటాడు. పాత మిత్రబృందం స్థానంలో కొత్త బృందం వచ్చింది. ఇల్లు కూడా దీక్షలో చేరింది: వంటింట్లో ఆయనకు వేరే గిన్నెలు, ఇల్లాలి నియమాలు, పిల్లల శరణుఘోష. ఆఖరికి గడువు కూడా సాయమే. జన్మంతా మానేయాలన్న ఆలోచన భయపెడుతుంది, ఇరుముడి కట్టేదాకా అన్నది భయపెట్టదు. విజయవాడ భవానీ దీక్షలోనూ, కొండగట్టు హనుమాన్ దీక్షలోనూ బట్టల రంగు మారుతుంది గానీ అమరిక ఇదే.

మాల తీశాక జరిగేదే అసలు పాఠం. కొందరు ఆ దెబ్బతో శాశ్వతంగా మానేస్తారు. చాలామంది కొద్దిరోజుల్లో పాతదారి పడతారు. మాల తీసిన రోజే పార్టీ చేసుకునేవాళ్ళూ ఉన్నారు. జనం నవ్వుతారు, దీక్షంతా నటనేనంటారు. ఆ నవ్వు అనవసరం. నలభై ఒక్క రోజుల నిగ్రహం నిజమే. మాలతో పాటు పేరు, బట్టలు, వేళలు, సాయంత్రపు సావాసం అన్నీ ఒకేసారి తీసేసి, నిగ్రహం ఒక్కదాన్నీ మిగలమంటే అది మిగల్లేదు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ వియత్నాం యుద్ధంలో ఉంది. అక్కడున్న అమెరికా సైనికుల్లో దాదాపు ఇరవై శాతం హెరాయిన్‌కు బానిసలయ్యారు. వాళ్ళంతా తిరిగొస్తే ఏమవుతుందోనని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ చేసిన సర్వేలో, అలా బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన ఏడాదిలోపు మళ్ళీ బానిసలైనవారు సుమారు ఐదు శాతమే. మత్తుకు పురిగొల్పిన యుద్ధం, బారకాసులు, తోటివాళ్ళు, చవగ్గా దొరికే సరుకు అన్నీ సముద్రానికి ఆవల ఉండిపోయాయి. చికిత్స పొంది పాత వీధికే తిరిగివెళ్ళే మామూలు వ్యసనపరుడికి ఆ అదృష్టం ఉండదు.

నలభై ఒక్క రోజులు అలవాటు పాతుకోవడానికి చాలవా? ఇరవై ఒక్క రోజులు చాలన్న ప్రచారం, ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన పుస్తకంలోని ఒక పరిశీలన ఆనోటా ఈనోటా పడి సాగడం వల్ల పుట్టింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించింది. భోజనంతో పాటు పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పరుగెత్తడం లాంటి ఒక్కో పని ఎంచుకున్నారు. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారుతుందని వాళ్ళ అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినా ప్రక్రియ దెబ్బతినలేదు. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. ఒకరోజు నడక తప్పగానే ఇక లాభం లేదని బూట్లు అటక మీద పెట్టేవాళ్ళు, తప్పిపోయిన రోజుకన్నా ఆ నిరాశ వల్లే ఎక్కువ నష్టపోతారు.

మాల లేకుండా అదే అమరికను చిన్నస్థాయిలో చేసుకోవడానికి తేలికైన, నిరూపితమైన పద్ధతి ఒకటుంది. 1965లో యేల్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ లెవెంతాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి భయంకరమైన వివరాలు చెప్పి టీకా వేయించుకోమంది. దాదాపు అందరూ ఒప్పుకున్నారు. వేయించుకున్నది మూడు శాతం. మరో జట్టుకు ఆరోగ్యకేంద్రం గుర్తుపెట్టిన పటం ఇచ్చి, వారంలో ఏ క్లాసుల మధ్య వెళ్ళగలరో చూసుకోమన్నారు. 28 శాతం వేయించుకున్నారు. ఆ కేంద్రం ఎక్కడుందో వాళ్ళకు ముందే తెలుసు. పటం కొత్తగా చెప్పిందేమీ లేదు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ తరవాత దీన్నే ‘ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానా పని’ అన్న సూత్రంగా మలిచాడు. 2002లో బ్రిటన్‌లో అచ్చయిన అధ్యయనం ఒకదానిలో, ఏ ఉద్బోధా వినని విద్యార్థుల్లో 38 శాతం, గుండెజబ్బుల గురించి ఉద్బోధ విన్నవాళ్ళలో 35 శాతం వ్యాయామం చేశారు. ఆ ఉద్బోధతో పాటు వేళనూ చోటునూ రాసుకున్నవాళ్ళలో 91 శాతం చేశారు. ఉద్బోధ ఒక్కటే అయితే ఏమీ పెంచలేదన్నది ఉపన్యాసకులంతా గమనించదగ్గ విషయం.

ఇంకాస్త గట్టి పద్ధతి, రేపటి తన చేతులను ఈరోజే కట్టేసుకోవడం. 1888లో లండన్ వెళ్ళబోతూ మద్యం, మాంసం, స్త్రీ సంపర్కం ముట్టనని గాంధీ తల్లికి మాటిచ్చింది ఇలాంటిదే. తల్లి ముందు చేసిన ప్రమాణం లండన్ చలిలో వెనకాల నిలబడింది. తెలుగు ఇళ్ళలో చీటీ కట్టడం కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. చీటీ తారీఖున మిగతా ఇరవై మంది ఎదురుచూస్తుంటారు కనుక డబ్బు ఖర్చయిపోయిందన్న సాకు చెల్లదు. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్‌జీ అమెరికాలో రూపొందించిన పథకంలో ఉద్యోగులు పొదుపును ఈరోజు పెంచనక్కర్లేదు. జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత పొదుపులోకి పోయేలా ముందే సంతకం చేస్తారు. తొలిసారి అమలుచేసిన సంస్థలో చేరినవాళ్ళ పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది.

పేదవాడికి నిగ్రహం ఉండదన్న మాట తరచూ వినిపిస్తుంది. చెన్నైలో 229 మంది సైకిల్ రిక్షా కార్మికులతో ఫ్రాంక్ షిల్‌బాక్ చేసిన ప్రయోగం, 2019లో ప్రచురితమైనది, ఆ మాటకు గట్టి జవాబు. పగలు తాగకుండా వస్తే డబ్బిచ్చే పద్ధతి పెట్టగానే వాళ్ళ పొదుపు సుమారు 50 శాతం పెరిగింది. తాగినా తాగకపోయినా వచ్చే డబ్బుకన్నా, కొంత నష్టపోయైనా సరే, తాగకపోతేనే వచ్చే డబ్బు కావాలని సగానికి పైగా కోరుకున్నారు. అంటే తాగనివాడు కావాలన్న కోరిక వాళ్ళలో ఉంది; దానికి చేతి డబ్బు పెట్టేంత గట్టిగా ఉంది. లేనిది ఆ కోరికను సాయంత్రం దాకా మోసుకొచ్చే ఏర్పాటు. అలాంటి ఏర్పాటును ఇంటివాళ్ళే చేసిన సందర్భమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొగుళ్ళకు హితబోధ చేస్తూ కూర్చోకుండా సారా దుకాణాన్నే మూయించారు. ఆ ఉద్యమం పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.

చేతలు ఆదర్శానికి అందడం లేదని ఇంతసేపూ అనుకోవడమే గానీ, ఆదర్శం సరైనదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పుస్తకం మంచి ఉదాహరణ. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన పదమూడు సుగుణాల జాబితా వేసుకున్నాడు: మితభోజనం, మౌనం, క్రమం, పొదుపు, న్యాయం, ఇలా. చిన్న పుస్తకంలో ఒక్కో గుణానికి ఒక్కో పేజీ. పేజీలో వారానికి ఏడు నిలువు గళ్ళు, గుణాలకు పదమూడు అడ్డవరుసలు. తప్పు జరిగినప్పుడల్లా ఆ గడిలో నల్లచుక్క. వారానికో గుణం మీద దృష్టి పెడితే ఏడాదిలో నాలుగుసార్లు చుట్టి రావచ్చు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే, తడిస్పాంజితో తుడిచే దంతపు పలకల మీదికి మార్చాడు. పదమూడింటిలో వినయం మొదట లేదు. నీకు గర్వమెక్కువని మిత్రుడొకరు మొహం మీదే చెప్పాక చేర్చాడు. అన్నిటికన్నా ఆయన్ను ఏడిపించింది క్రమం. కాగితాలు, వస్తువులు ఎక్కడివక్కడ పెట్టడం జీవితాంతం చేతకాలేదు. 1784లో, డెబ్బై ఎనిమిదో ఏట, ఫ్రాన్స్‌లో కూర్చుని ఇదంతా రాస్తూ, అనుకున్న పరిపూర్ణత రాకపోయినా ఆ ప్రయత్నం లేకుంటే ఇంతటివాణ్ణి కూడా అయ్యేవాణ్ణి కాదని ఒప్పుకున్నాడు.

ఆ గళ్ళలో ఎక్కని విషయం ఒకటుంది. చుక్కలు పెట్టుకుంటున్న ఆ దశాబ్దాల్లోనే ఫ్రాంక్లిన్ ఇంట్లో బానిసలున్నారు. ఆయన పత్రిక ‘పెన్సిల్వేనియా గెజిట్’ బానిసల అమ్మకాల ప్రకటనలు, పారిపోయినవాళ్ళను పట్టిస్తే బహుమానమనే ప్రకటనలు వేసింది. న్యాయమన్న వరుసలో దీనికి చుక్క పడాల్సిన మాట నిజమే. కానీ దాన్ని తప్పుగా చూసే కన్ను అప్పటికాయనకు లేదు. లెక్కల పుస్తకం తెలిసిన తప్పులనే పట్టగలదు. వినయం లేదని చెప్పడానికి బయటి మనిషి కావలసివచ్చినట్టే, ఇక్కడా బయటివాళ్ళే కావలసివచ్చారు. అమెరికాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన వాదన, నల్లజాతి పిల్లల బడికి వెళ్ళి వాళ్ళ తెలివిని స్వయంగా చూసిన అనుభవం మెల్లగా ఆయన్ను కదిపాయి. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో బానిసత్వాన్ని అంతం చేయాలని కోరుతూ అమెరికా కాంగ్రెస్‌కు వెళ్ళిన విజ్ఞప్తి మీద ఆయన సంతకముంది. రాష్ట్రాల్లోని బానిసల విషయంలో జోక్యం చేసుకునే అధికారం తమకు లేదని ప్రతినిధుల సభ తేల్చేసింది. మార్చిలో ఆయన బానిసత్వ సమర్థకులను ఎగతాళి చేస్తూ పత్రికకు ఒక వ్యంగ్య లేఖ రాశాడు. ప్రజల కోసం ఆయన రాసిన చివరి రచనల్లో అదొకటి. ఏప్రిల్ 17న, 84వ ఏట చనిపోయాడు.